డబ్బా మీద పాపాయి ఏదీ?

మా చిన్నతనంలో పాలపొడి ప్రకటనల నిండా బొద్దుగా నవ్వే పాపాయిలే! ఇప్పుడు డబ్బా మీద బొమ్మ కనబడదు. 1992లో మన దేశంలో వచ్చిన చట్టం బిడ్డ బొమ్మా, తల్లి బొమ్మా వెయ్యకూడదంది. తల్లిపాలే శ్రేష్ఠమని అచ్చు వెయ్యాలంది.

దీని వెనక పెద్ద కథే ఉందండీ. 1939లో సింగపూర్‌లో సిసిలీ విలియమ్స్ అనే డాక్టరమ్మ, పసివాళ్లకి తియ్యటి డబ్బాపాలు అంటగట్టడం హత్యే అవుతుందని రోటరీ క్లబ్బు పెద్దల ముందే కుండబద్దలు కొట్టారు. ఆ ప్రసంగం పేరు ‘పాలూ, హత్యా’. నీళ్లు మంచివి కానిచోట, డబ్బు చాలక పొడి పలచగా కలిపేచోట, సీసాపాలు బిడ్డల ప్రాణం మీదికి తెచ్చేవి మరి. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలైంది. 1981లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ అమ్మకాలకి నియమావళి చేసింది. కాదని ఓటేసింది ఒక్క అమెరికాయే!

బొమ్మయితే పోయింది. బాలింతకి సాయం మాత్రం చట్టంతో రాదు కదా! ముర్రుపాలు పిండి పారబొయ్యమనే పెద్దవాళ్లకి నచ్చజెప్పాలి. బిడ్డనెత్తుకుని ఆమెనో గంట పడుకోనివ్వాలి. పాలు చాలకపోతే ఆడిపోసుకోకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఆ పని మనదే.