హిమగిరులపై శిలారోహణ, హిమారోహణ
ఎక్కడ నేర్వాలి? ఎప్పుడు వెళ్లాలి?

పర్వతారోహణ అనగానే ఎవరెస్టు గుర్తుకు రావడం సహజం. అయితే శిఖరాలను చేరడానికి ముందు ప్రతి ఆరోహకుడూ రెండు విద్యలను అభ్యసించవలసి ఉంటుంది. నిటారు బండలను ఎగబాకే శిలారోహణ మొదటిది కాగా, గడ్డకట్టిన జలపాతాలపైన, హిమానీనదాలపైన నడిచే హిమారోహణ రెండవది. ఈ రెండింటికీ అనువైన స్థలాలు హిమాలయాలలో పడమట లద్దాఖ్ నుంచి తూర్పున సిక్కిం వరకు విస్తరించి ఉన్నాయి. తెలుగు జిల్లాల నుంచి కూడా ఏటా యువతీయువకులు శిక్షణకు తరలి వెళుతున్న నేపథ్యంలో ఆయా స్థలాల విశేషాలు, అక్కడ పొంచి ఉన్న ప్రమాదాలు తెలుసుకోవడం అవసరం.

భువనగిరి నుంచి హిమగిరికి

తెలంగాణలోని భువనగిరి కోట ఒకే రాతిగుట్టపై వెలసింది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యునికి గల త్రిభువనమల్ల బిరుదు మీదుగా ఈ గుట్టకు త్రిభువనగిరి అనే పేరు వచ్చిందని ప్రతీతి. నున్నని గ్రానైటు వాలు కలిగిన ఈ గుట్ట శిలారోహణ శిక్షణకు కేంద్రంగా మారింది. సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులైన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఇక్కడే తొలి పాఠాలు నేర్చారు. అనంతరం డార్జిలింగ్‌లోను, లద్దాఖ్ చలిలోను శిక్షణ పొంది 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టును అధిరోహించారు. అప్పటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు మాత్రమే. బండపై పట్టు సాధించిన పిమ్మట మంచుపైకి వెళ్లడం అనే క్రమం వీరి విజయానికి పునాది అయింది.

డార్జిలింగ్: తొలి బడి

1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టును జయించిన మరుసటి ఏడాదే, 1954 నవంబరు 4న, డార్జిలింగ్‌లో హిమాలయన్ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. క్షేత్ర శిక్షణకు టెన్సింగ్ తొలి సంచాలకులుగా వ్యవహరించారు. పట్టణ శివారులోని లెబాంగ్ మార్గంలో టెన్సింగ్ శిల, గోంబు శిల అనే రెండు బండలున్నాయి. కొత్తవారికి తాడు ముడులు వేయడం, తాడుపై జారుతూ దిగే ర్యాపెలింగ్ వంటివి ఇటువంటి బండలపైనే నేర్పుతారు. రెండుసార్లు ఎవరెస్టు ఎక్కిన తొలి వ్యక్తి నవాంగ్ గోంబు పేరిట రెండవ శిల ప్రసిద్ధమైంది. ఆయన 1963లోను, 1965లోను ఆ శిఖరాన్ని చేరారు. మంచు విద్య కోసం శిక్షణార్థులు పశ్చిమ సిక్కింలోని చౌరీఖాంగ్ శిబిరానికి కాలినడకన వెళతారు. రాథోంగ్ హిమానీనదం వారికి పాఠశాల. తెలుగు ప్రాంతాల వారు న్యూజల్పాయ్‌గురి వరకు రైలులో చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన డార్జిలింగ్ వెళ్లవచ్చు.

ఉత్తరకాశి, గంగోత్రి

ఉత్తరాఖండ్‌లోని ఉత్తరకాశిలో నెహ్రూ పర్వతారోహణ సంస్థ 1965లో ఆరంభమైంది. 1984 మే 23న ఎవరెస్టు ఎక్కి, ఆ ఘనత సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన బచేంద్రి పాల్ ఈ సంస్థలోనే శిక్షణ పొందారు. పట్టణానికి చేరువలోని తేఖ్లా బండలపై శిలారోహణ, డోక్రియాని హిమానీనదంపై హిమారోహణ నేర్పుతారు.

ఇక్కడి నుంచి భాగీరథీ లోయ వెంట పైకి వెళితే గంగోత్రి వస్తుంది. అక్కడి నుంచి గోముఖం 18 కిలోమీటర్ల నడక. గోముఖం పైన గల తపోవన మైదానం నుంచి 6,543 మీటర్ల శివలింగ శిఖరం కనిపిస్తుంది. 1974 జూన్‌లో ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళం దీనిని తొలిసారిగా అధిరోహించింది. పక్కనే ఉన్న మేరు శిఖరపు తూర్పు గోడ, సొరచేప రెక్క అనే పేరుతో ప్రపంచ ఆరోహకులకు సుపరిచితం. పలు బృందాలు విఫలమైన ఆ మార్గాన్ని 2011లో కాన్రాడ్ యాంకర్, జిమ్మీ చిన్, రెనాన్ ఓజ్‌టర్క్ పూర్తి చేశారు. ఇవి అనుభవజ్ఞులకే తగినవి. సామాన్య యాత్రికులు తపోవనం నుంచి వీటిని చూసి ఆనందించడమే మేలు. గోముఖం మార్గంలో అటవీ శాఖ అనుమతి తప్పనిసరి.

మనాలి, లాహౌల్, స్పితి

హిమాచల్‌ప్రదేశ్‌లోని మనాలి శిలారోహకులకు పాత పరిచితం. 1961లో ఆరంభమైన ఇక్కడి ప్రభుత్వ శిక్షణ సంస్థ నేడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరిట నడుస్తోంది. సోలాంగ్ లోయ, బియాస్ కుండ్ పరిసరాలు ప్రాథమిక శిక్షణకు అనువైనవి. మనాలి నుంచి స్పితి వెళ్లే దారిలో చంద్రా నది ఒడ్డున ఛత్రు అనే విడిది ఉంది. అక్కడ పరచుకుని ఉన్న పెద్ద పెద్ద గ్రానైటు గుండ్లపై తాడు లేకుండా, కింద పరుపులు పరచుకుని ఎక్కే బౌల్డరింగ్‌కు వేసవిలో ఆరోహకులు వస్తుంటారు. శీతకాలంలో ఆ దారి మంచుతో మూసుకుపోతుంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం వల్ల లాహౌల్ లోయకు ప్రయాణం సులభమైంది. లాహౌల్‌లోని మియార్ లోయలో గ్రానైటు గోడలు పెద్ద ఎత్తున ఉన్నాయి.

స్పితి లోయ సంగతి వేరు. అక్కడ శీతకాలమే ఆరోహణ కాలం. లింగ్టి వంటి జలపాతాలు నిలువునా గడ్డకట్టి గాజు స్తంభాల వలె నిలుస్తాయి. చేతుల్లో మంచు గొడ్డళ్లు, బూట్లకు ఇనుప ముళ్ల చట్రాలు ధరించి, మంచులో మరలు బిగించి వాటికి తాడు తగిలిస్తూ పైకి సాగుతారు. లద్దాఖ్‌లో లేహ్ సమీపాన గల గ్యాంగ్లెస్ కూడా హిమారోహణకు పేరుపొందింది.

మంచు ఏర్పడే తీరు

ఎండ తగలని ఉత్తర ముఖపు లోయలలో ఊటనీరు పొరలు పొరలుగా గడ్డకట్టడం వల్ల ఎక్కదగిన మంచు ఏర్పడుతుంది. సాధారణంగా డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు ఇది గట్టిగా ఉంటుంది. పగటి ఉష్ణోగ్రత పెరిగితే మంచు రాతి నుంచి విడివడుతుంది. పైకి దృఢంగా కనిపించినా లోపల నీరు పారుతుండవచ్చు. అందుచేతనే గైడ్లు తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరక ముందే దిగివస్తారు. హిమాలయ ప్రాంతం వేడెక్కుతున్న కొద్దీ ఈ స్వల్పకాలం మరింత అనిశ్చితంగా మారుతోంది. గంగోత్రి, డోక్రియాని హిమానీనదాలు వెనుకకు జరుగుతున్నట్లు శాస్త్రజ్ఞుల కొలతలు తెలుపుతున్నాయి. పాత పుస్తకాలలో మంచు దారిగా చూపినచోట నేడు వదులు రాళ్లు ఉండవచ్చు.

ప్రాణవాయువే పరీక్ష

సుమారు 5,500 మీటర్ల ఎత్తులో వాయుపీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగానికి పడిపోతుంది. మైదాన ప్రాంతాల నుంచి వెళ్లేవారు దీనిని తేలికగా తీసుకోరాదు. 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి బసను రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకు ఒకసారి విశ్రాంతి తీసుకోవాలని వైద్యులు సూచిస్తున్నారు. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి తొలి హెచ్చరికలు. నడక తడబడడం, మాట తేలిపోవడం, విశ్రాంతిలో కూడా ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా కిందికి దించాలి.

మరువరాని పాఠాలు

శిక్షణ పొందినవారికి సైతం ముప్పు తప్పదని 2022 అక్టోబరు 4న రుజువైంది. ఉత్తరకాశి జిల్లాలోని ద్రౌపదీ కా డాండా-2 శిఖర సమీపంలో మంచుచరియ విరుచుకుపడి, ఉన్నత శిక్షణ పొందుతున్న బృందాన్ని కబళించింది. 27 మృతదేహాలు లభించగా, ఇద్దరి ఆచూకీ దొరకలేదు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్టు, మకాలు శిఖరాలను 16 రోజుల వ్యవధిలో ఎక్కిన శిక్షకురాలు సవితా కంస్వాల్ మృతులలో ఉన్నారు. 2006లో ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలను 172 రోజులలో అధిరోహించిన నెల్లూరు జిల్లా వాసి మల్లి మస్తాన్‌బాబు 2015 మార్చిలో ఆండీస్ పర్వతాలలో కన్నుమూశారు. ఎంతటి అనుభవమైనా వాతావరణం ముందు తలవంచవలసిందే.

వెళ్లదలచిన వారికి

డార్జిలింగ్, ఉత్తరకాశి, మనాలి సంస్థలతో పాటు 1983లో ఏర్పడిన జవహర్ పర్వతారోహణ సంస్థ కూడా కశ్మీరులో ప్రాథమిక శిక్షణ ఇస్తోంది. ఈ శిక్షణ దాదాపు నాలుగు వారాలు సాగుతుంది. ఇందులో ‘ఎ’ గ్రేడు సాధించిన వారినే ఉన్నత శిక్షణకు తీసుకుంటారు. వైద్య ధ్రువీకరణ పత్రం తప్పనిసరి. సీట్లు త్వరగా నిండుతాయి కనుక నెలల ముందే దరఖాస్తు చేసుకోవాలి. శిఖరారోహణకు వెళ్లే బృందాలు ఢిల్లీలోని భారత పర్వతారోహణ సమాఖ్య నిబంధనలను తెలుసుకోవాలి.

ప్రైవేటు నిర్వాహకులను ఆశ్రయించేవారు గైడు అర్హత, బృందంలో ఎందరికి ఒక గైడు, ఆక్సిజన్ సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, ప్రమాద బీమా ఉన్నాయా లేదా అన్నవి ముందే విచారించాలి. తాడు, నడుము పట్టీ, శిరస్త్రాణాలపై ప్రామాణిక ముద్ర ఉన్నదీ లేనిదీ చూడాలి. తక్కువ రుసుముకు ఆశపడి, ఎత్తుకు అలవాటు పడవలసిన రోజులను తగ్గించే యాత్రలకు దూరంగా ఉండాలి. ఊరి గుట్టపై ఆరు నెలల సాధన, అనంతరం ప్రాథమిక శిక్షణ, ఆ తరువాతే మంచు జలపాతం అనే వరుసను పాటించిన వారికి వెనుదిరగవలసిన సమయం తెలుస్తుంది. వెనుదిరిగిన వారికి శిఖరం మరుసటి ఏడాది కూడా అక్కడే ఉంటుంది.