సరిహద్దు దగ్గర అక్షరం

సాహిత్య పత్రికలో పాస్‌పోర్టుల చరిత్రకు ఏం చోటుంది అని పాఠకులు అడగవచ్చు. చోటుందనే నా వాదన. అక్షరం విముక్తి సాధనమని మనం వేదికల మీద చెబుతూ వస్తున్నాం. అది నిజమే. అయితే అదే అక్షరాన్ని గత నూట పాతికేళ్లుగా పాలకవర్గాలు కూలివాణ్ణి దేశం గడప దగ్గర నిలబెట్టి వడపోయడానికి జల్లెడగా వాడుకున్నాయి. ఈ రెండో సంగతిని మన విమర్శ దాదాపు పట్టించుకోలేదు. అందుకని ఆ చరిత్రను, అందులో తెలుగువాళ్ల భాగాన్ని, నాకు తెలిసినంతలో ఇక్కడ పెడుతున్నాను.

1860 నవంబరు 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవు చేరింది. నేటాల్ చెరకుతోటల్లో ఒప్పంద చాకిరీకి వెళ్లిన మొదటి జట్టు అది. అందులో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లను చదువొచ్చా అని ఎవరూ అడగలేదు. ఓడ జాబితాలో పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చలు రాసుకుని ఒక నంబరు వేశారు. సముద్రం దాటించడానికి ఆ నంబరు చాలింది. తోట పొలిమేర దాటడానికి మాత్రం యజమాని రాసిచ్చిన చీటీ కావలసివచ్చింది. ఈ చీటీని గుర్తుపెట్టుకోవాలి. ఇది మళ్లీ వస్తుంది.

చాకిరీ చేసినంతకాలం అక్షరంతో పేచీ లేదు. ఒప్పందం తీరినవాళ్లు అక్కడే ఉండిపోయి కూరగాయలు పండించి తెల్లవాళ్లతో పోటీగా అమ్మడం, వాళ్ల వెనకే సొంత ఖర్చుతో వర్తకులు రావడం మొదలయ్యాక పేచీ వచ్చింది. 1895లో ఒప్పందం తీరి ఉండిపోయేవాళ్ల మీద ఏటా మూడు పౌన్ల పన్ను వేశారు. 1897లో వలస నియంత్రణ చట్టం చేశారు. కొత్తగా వచ్చేవాడు ఏదైనా ఒక యూరపు భాష లిపిలో తన దరఖాస్తు తానే రాసి సంతకం చెయ్యాలన్నది అందులో ప్రధానమైన షరతు. చట్టంలో జాతి మాటే లేదు, రంగు మాటే లేదు. తెలుగులో శతకాలన్నీ అప్పజెప్పగలవాడు, ఉర్దూలో గజల్ రాయగలవాడు కూడా ఆ చట్టం దృష్టిలో నిరక్షరాస్యుడే. అదే ఏడాది లండన్‌లో సమావేశమైన వలసరాజ్యాల ప్రధానులకు బ్రిటిష్ వలసల మంత్రి జోసెఫ్ ఛేంబర్లేన్ ఈ పద్ధతినే మెచ్చి చూపాడు. బ్రిటిష్ ప్రజలందరూ రాణి దృష్టిలో సమానమన్న ప్రకటన చెక్కుచెదరకుండానే రావలసిన ఫలితం వచ్చేస్తుంది కదా!

ఆస్ట్రేలియా 1901లో దీన్ని మరింత పదును పెట్టింది. అధికారి యాభై మాటలు చదువుతాడు, వచ్చినవాడు రాయాలి. ఏ యూరపు భాషలో చదవాలో అధికారి ఇష్టం. ఇంగ్లీషు వచ్చినవాడికి జర్మన్‌లో చదివితే సరిపోతుంది. 1909 తర్వాత ఆ పరీక్షలో నెగ్గినవాడు ఒక్కడూ లేడు. 1958లో గాని దాన్ని ఎత్తెయ్యలేదు.

ఈ పరీక్ష రచయితల దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. 1934లో యుద్ధ వ్యతిరేక మహాసభకోసం ప్రాగ్‌కు చెందిన కమ్యూనిస్టు రచయిత ఎగాన్ ఎర్విన్ కిష్ ఓడలో ఆస్ట్రేలియా బయలుదేరాడు. వార్తా రచనను సాహిత్యస్థాయికి తెచ్చినవాళ్లలో ఆయన ఒకడు. ప్రభుత్వం దిగనివ్వలేదు. మెల్బోర్న్‌లో ఆయన ఓడమీది నుంచి రేవు గట్టుమీదికి దూకి కాలు విరగ్గొట్టుకున్నాడు. అలాగే మోసుకొచ్చి మళ్లీ ఓడలో పడేశారు. సిడ్నీలో పరీక్ష పెట్టవలసివచ్చింది. మనిషికేమో చాలా యూరపు భాషలు వచ్చు. అందుకని వెతికి వెతికి స్కాట్లండు కొండ ప్రాంతాల గేలిక్ భాషలో చదివించారు. ఆయన రాయలేదు. వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఆ గేలిక్ ఆ చట్టం చెప్పే అర్థంలో యూరపు భాష కిందికి రాదని కోర్టు తీర్పు చెప్పింది. కిష్ బయటపడి దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. కిష్‌కు సంఘాలున్నాయి, లాయర్లున్నారు, పత్రికలున్నాయి. అదే పరీక్షలో తిరుగు ఓడ ఎక్కిన ఆసియా కూలీలకు అవేవీ లేవు.

రాయలేనివాడికి ఇంకో కాగితం తయారైంది. 'వేలిముద్రగాడు' అనేది మన ఊళ్లలో చదువురానివాణ్ణి తిట్టే మాట. ఆ వేలిముద్రను రాజ్యం పనిముట్టుగా మలిచింది కూడా మన దేశంలోనే. 1858లో బెంగాల్లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు మీద అరచేతి ముద్ర వేయించుకున్నాడు. 1897 నాటికి ఎడ్వర్డ్ హెన్రీ పద్ధతి బ్రిటిష్ ఇండియా అంతటా నేరస్థులను గుర్తుపట్టడానికి అమలైంది. ఆ పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల లెక్కల కష్టముంది. ఖ్యాతి మాత్రం దొరదే. అదే హెన్రీని 1900లో పోలీసు ఏర్పాట్లకోసం దక్షిణాఫ్రికా పంపారు. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాళ్లందరూ పది వేళ్ల ముద్రలిచ్చి పేరు నమోదు చేసుకోవాలనీ, ఆ సర్టిఫికెట్టు ఎప్పుడడిగితే అప్పుడు చూపాలనీ చట్టం వచ్చింది 1907లో.

ఇక్కడ ఒక ఘట్టం మీద మన చరిత్రకారులు ఇంకొంచెం ఆగవలసింది. 1908 జనవరిలో గాంధీకీ స్మట్స్‌కూ రాజీ కుదిరింది. స్వచ్ఛందంగా నమోదు చేసుకుంటే, చదువుకున్నవాళ్లు, ఆస్తిపరులు వేలిముద్రలకు బదులు సంతకం చెయ్యవచ్చునన్నారు. గాంధీ ఆ వెసులుబాటు వాడుకోకుండా తన వేలిముద్రలే ఇచ్చాడు. దారిలో కొట్టించుకుని, గాయాలతోనే ఇచ్చాడు. ఆ రాజీని నేను సమర్థించడం లేదు. బారిష్టరుకు సంతకం, కూలికి వేలు అనే విభజనను ఉద్యమం ఒప్పుకుని సంతకం పెట్టిందన్నది వాస్తవం. చట్టాన్ని రద్దు చెయ్యకపోవడంతో ఆగస్టు 16న జొహానెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు ఆవరణలో రెండువేలకు పైగా సర్టిఫికెట్లను కాల్చేశారు. ఆ మంటలో సంతకాల కాగితాలూ వేలిముద్రల కాగితాలూ కలిసే కాలాయి.

అన్ని సరిహద్దులూ ఓడ దిగేచోటే ఎదురుకాలేదు. కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగం పోయిన మనవాళ్లకు సరిహద్దే లేదు, బర్మా కూడా ఇండియాలో భాగమే గనక. బర్మావాళ్లు మనవాళ్లను పాత రేవు కోరంగి పేరుతో 'కోరంగీలు' అన్నారు. 1937 ఏప్రిల్ 1న బర్మాను విడదీశారు. 1941 ఒప్పందం పాస్‌పోర్టు, వీసా, పర్మిట్ అంది. రేవులో బస్తాలు మోసినవాడు ఉన్నచోటే పరదేశి అయిపోయాడు. ఆ నిబంధనలు సరిగా అమలులోకి వచ్చేలోపే జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షలమంది కాలినడకన కొండలు దాటారు.

కొమగాటమారు ఓడ కథ అందరికీ తెలుసు. 1914లో 376 మందితో వాంకూవర్ చేరి, రెండు నెలలు నీళ్లమీద నిలబడి తిరిగొచ్చిన ఓడ అది. మొదటి ప్రపంచయుద్ధం పాస్‌పోర్టును అందరికీ తప్పనిసరి చేసింది. 1920లో ఇండియాలో పాస్‌పోర్టు చట్టం వచ్చింది. అదే ఏడాది పారిస్ సమావేశంలో 32 పేజీల పుస్తకం నమూనా ఖరారైంది. స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లయినా పాస్‌పోర్టు ఇవ్వడం సర్కారు దయగానే ఉండిపోయింది. విదేశయానం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లో సుప్రీంకోర్టు చెప్పాకే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

అప్పుడైనా నేటాల్ జల్లెడ పోయిందా? 1983 వలసల చట్టం కింద పాస్‌పోర్టులు రెండు రకాలయ్యాయి. చదువు తక్కువైనవాడి పుస్తకంలో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అని ముద్ర పడింది. ఈ చదువు హద్దు మొదట ఇంకా పైన ఉండి, చివరికి పదో తరగతి దగ్గర ఆగింది. గల్ఫ్ దేశాలు, మలేషియా వగైరా 18 దేశాలకు పనికి పోవాలంటే ఈ ముద్ర ఉన్నవాడికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ ఉద్యోగం పేరు చూడండి. ఒప్పంద కూలీలను ఓడలెక్కించిన రోజుల్లో మద్రాసు రేవులో ఉన్న అధికారి పేరే అది. ఆదాయపు పన్ను కట్టేవాడికి, చదువు లేకపోయినా, ఈ తనిఖీ లేదు. ట్రాన్స్‌వాల్ రాజీలో ఆస్తిపరులకిచ్చిన మినహాయింపు గుర్తొస్తుంది.

ఈ తనిఖీ కూలి రక్షణకేనని వాదిస్తారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టెయ్యలేం. జీతం, ఒప్పందం చూడకుండా పంపితే మోసపోయేది అతడే. కాని కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో తిరిగొచ్చినవాళ్లతో మాట్లాడినప్పుడు నాకు అర్థమైంది వేరు. అనుమతి దొరకనివాడు ఆగిపోడు. అప్పు తెచ్చి ఏజెంటుకు కట్టి విజిట్ వీసా మీద పోతాడు. ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకు అనుమతి లేదన్న నిబంధన వల్ల, ఇంటిపని ఖాదిమా వీసాల మీద కువైట్ పోదలచిన కడప, గోదావరి జిల్లాల స్త్రీలు కొందరు దొంగదారి పట్టారు. అక్కడ దిగగానే కఫీల్ పాస్‌పోర్టు లాక్కుని బీరువాలో పెట్టుకుంటాడు. నేటాల్ తోట యజమాని చీటీ ఇదే. పారిపోయినవాడు 'కల్లివెల్లి' అవుతాడు. చివరికి ఔట్‌పాస్ అనే ఒంటి కాగితం మీద ఇల్లు చేరతాడు.

గల్ఫ్ మీద వచ్చిన మన కథల్లో, పాటల్లో ఎడబాటు ఉంది, అప్పు ఉంది, పెట్టెలో వచ్చిన శవం ఉంది. పదో తరగతి తప్పిన మెమోతో కిటికీ దగ్గర నిలబడ్డ మనిషి అంతగా కనపడడు. బహుశా రాసే మనమంతా ఆ కిటికీకి రెండోవైపు చదువుకున్నవాళ్లం కావడం ఒక కారణం కావచ్చు.

2018 జనవరిలో కేంద్ర ప్రభుత్వం తనిఖీ వర్గంవాళ్లకు నారింజరంగు అట్టతో వేరే పాస్‌పోర్టు ఇస్తామని ప్రకటించింది. ఇప్పటిదాకా లోపలి పేజీలో ఉన్న ముద్ర విమానాశ్రయం వరసలో అందరికీ దూరం నుంచే కనపడేది. కేరళలోనూ ఇతరచోట్లా గట్టి నిరసన వచ్చింది. ఆ నెల 30న ప్రభుత్వం వెనక్కి తగ్గింది. అట్ట నీలంగానే ఉంది. పదో తరగతి తప్పినవాడి పుస్తకంలో ఆ ముద్రా ఉండిపోయింది.