నమ్మినది, నమ్మదగినది

ట్రస్టెడ్ కంప్యూటింగ్ మీద వేసవి పాఠశాల జరిగితే మొదటి రోజు బోర్డు మీద నేను రాసే వాక్యం ఇది: నమ్మిన మూలం మొదలుకొని యంత్రం ప్రతి అంచెనూ కొలుస్తుంది, కొలతను బట్టి రహస్యానికి ముద్ర వేస్తుంది, అడిగినవారికి సాక్ష్యం చెబుతుంది.

నమ్మిన: ‘ట్రస్టెడ్’ను మనవాళ్లు ‘విశ్వసనీయ’ అని రాస్తున్నారు. విశ్వసనీయం అంటే నమ్మదగినది. భద్రతాశాస్త్రంలో ఈ మాట అర్థం వేరు. ఏ భాగం చెడితే మొత్తం రక్షణ కూలిపోతుందో అదే నమ్మిన భాగం. ఊరెళ్తూ పక్కింటివాళ్లకు తాళంచెవి ఇచ్చిన క్షణం నుంచి వాళ్లు నమ్మినవాళ్లే, నమ్మదగినవాళ్లో కాదో తర్వాతి సంగతి. 2017లో ఇన్ఫినియన్ కంపెనీ చిప్పులు ఆర్‌ఎస్‌ఏ తాళాలను పుట్టించే పద్ధతిలో లోపం బయటపడింది. ఆ కంపెనీ చేసిన టీపీఎంలలో, అంటే కంప్యూటర్ కొలతలనూ రహస్యాలనూ కాపాడే భద్రతా చిప్పుల్లోనూ, అదే లోపం. ఎస్టోనియాలో ఆ కంపెనీ చిప్పులున్న సుమారు 7,50,000 గుర్తింపు కార్డులు ఇరకాటంలో పడ్డాయి. అన్నిటికన్నా గట్టిదనుకున్నచోటే బీట.

మూలం: స్విచ్ వేయగానే నడిచే మొట్టమొదటి కోడ్. దాన్ని కొలవడానికి దానికంటే ముందు ఎవరూ ఉండరు.

కొలుస్తుంది: ప్రతి ప్రోగ్రామూ తన తర్వాతిదాన్ని నడిపించేముందు దాని హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి సంఖ్య, తీసి టీపీఎంకు అందిస్తుంది. పీసీల్లో ఇందుకోసం పీసీఆర్ అనే 24 రిజిస్టర్లుంటాయి. బూట్ కొలతలు పడే రిజిస్టర్లో నేరుగా ఏదీ రాయలేం. పాత విలువకు కొత్త కొలతను జోడించి, ఆ రెంటికీ కలిపి మళ్లీ హ్యాష్ తీస్తే వచ్చిందే కొత్త విలువ. తోడుకున్న పాలు మళ్లీ పాలు కానట్టే, ఒకసారి కలిసిన కొలతను విడదీయలేం. యంత్రాన్ని ఆపి మళ్లీ వేయాల్సిందే. ఒక్కటి గుర్తుంచుకోవాలి: టీపీఎం ఎవరినీ ఆపదు, చూసింది రాసుకుంటుంది, అంతే.

ముద్ర: కొలతలు అనుకున్నట్టే ఉంటే రహస్యం విడుదలవుతుంది. ఫర్మ్‌వేర్ మారితే కొలతా మారుతుంది. అప్పుడు విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడగడం చాలామందికి అనుభవమే.

అడిగినవారికి: వివాదమంతా ఈ ఒక్క మాటలోనే ఉంది. నా బ్యాంకు నా యంత్రాన్ని అడగడం వేరు, నేను కొన్న పాట వినే హక్కు నాకుందో లేదో తేల్చడానికి కంపెనీ అడగడం వేరు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారుడు రిచర్డ్ స్టాల్‌మన్ ట్రస్టెడ్ కంప్యూటింగ్‌ను ద్రోహపు కంప్యూటింగ్ అన్నాడు. ఆ భయం నిజమైనదేనని నా నమ్మకం. యంత్రం ఎవరి పక్షాన మాట్లాడుతోందో దాని యజమానికి తెలిసి తీరాలి.

సాక్ష్యం: అడిగినవారు ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్య పంపుతారు. టీపీఎం దాన్నీ పీసీఆర్ విలువలనూ కలిపి సంతకం చేసి పంపుతుంది. అందుకే పాత సాక్ష్యాన్ని దాచి మళ్లీ వాడలేరు. కానీ ఒకే తాళంతో ప్రతిచోటా సంతకం పెడితే మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో తెలిసిపోతుంది. బ్రికెల్, కామెనిష్, చెన్ అనే పరిశోధకులు 2004లో దీనికో దారి చూపారు: చిప్పు అసలైనదేనని రుజువవుతుంది, అది ఏ చిప్పో మాత్రం తెలియదు. తరగతిలో ఒక పూటంతా దీని గణితానికే కేటాయిస్తాను.