పసిపిల్లలు పడితే ఆసుపత్రికి ఎప్పుడు? ఖరగ్‌పూర్ తెలుగు ఇళ్ళకు కొన్ని ముఖ్య విషయాలు

నడక నేర్చే పిల్లలున్న ఇంట్లో పడటం, లేవడం రోజూ ఉండేవే. ఏడాది నుంచి మూడేళ్ళ వయసులో ఒంటితో పోలిస్తే తల పెద్దది, బరువైనది. అందుకే పిల్లలు తూలితే తలే ముందు నేలకు తగులుతుంది. బొప్పి కడుతుంది, ఏడుస్తారు, ఎత్తుకుంటే ఊరుకుంటారు. చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. అరుదుగా మాత్రం ముగియదు. ఆ అరుదైన సందర్భాన్ని గుర్తుపట్టేది ముందు ఇంట్లోవాళ్ళే. డాక్టరు పిల్లను చూసేది కొన్ని నిమిషాలు. పడినప్పటి నుంచి ఆసుపత్రి గుమ్మం దాకా ఏం జరిగిందో తెలిసింది తల్లికో, నాన్నమ్మకో. వాళ్ళు చూసిందీ, చెప్పిందీ వైద్య నిర్ణయంలో సగం పని చేస్తాయి.

ఖరగ్‌పూర్ సంగతి

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఈ రైల్వే పట్టణంలో ఆ చెప్పడమే కొంచెం కష్టం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఇక్కడే స్థిరపడ్డాయి. మూడు, నాలుగు తరాలు గడిచినా ఇంట్లో తెలుగే. వీధిలో హిందీ, బజారులో బెంగాలీ. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషల్లో చోటివ్వాలని నిర్ణయించడానికి ఇక్కడి తెలుగువారి సంఖ్యే ముఖ్య కారణం. అయినా రాత్రి పదకొండింటికి అత్యవసర విభాగంలో ఉండే డ్యూటీ డాక్టరుకు తెలుగు వచ్చి ఉండాలని లేదు. పగలు పిల్లను చూసుకునే నాన్నమ్మకు బెంగాలీ వచ్చి ఉండాలనీ లేదు.

తలకు దెబ్బ తగిలితే ఏం చూడాలి?

తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి సీటీ స్కాన్ అవసరమో తేల్చడానికి ఉత్తర అమెరికాలోని 25 అత్యవసర విభాగాల్లో 42,412 మంది పిల్లలను పరిశీలించారు. ఆ ఫలితాలు 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పెకార్న్ నియమాలుగా పేరుపడిన ఆ పద్ధతినే ఇప్పుడు చాలా దేశాల్లో డాక్టర్లు వాడుతున్నారు. ఆ పిల్లల్లో మెదడుకు ముఖ్యమైన దెబ్బ తగిలింది 376 మందికి, అంటే 100 మందిలో ఒకరికన్నా తక్కువ. ఆపరేషన్ అవసరమైంది 60 మందికే.

రెండేళ్ళలోపు పిల్లల్లో ఆ నియమాలు ఆరు విషయాలు చూస్తాయి:

- పిల్ల తెలివిగా ఉందా, లేక మగతగా, చిరాకుగా, పిలిస్తే ఆలస్యంగా పలుకుతూ ఉందా?
- తల తడిమితే ఎముక చిట్లినట్టు, లోపలికి నొక్కుకుపోయినట్టు తెలుస్తోందా?
- బొప్పి ఎక్కడుంది? నుదుటి మీద బొప్పి కన్నా చెవి పైన, తల పక్కన, వెనక కట్టిన బొప్పికి ఎక్కువ జాగ్రత్త కావాలి.
- ఐదు సెకన్లు, అంతకన్నా ఎక్కువసేపు స్పృహ తప్పిందా?
- మూడు అడుగుల కన్నా ఎత్తు నుంచి పడిందా? బండి గుద్దిందా? బరువైన వస్తువు వేగంగా తలకు తగిలిందా?
- పిల్ల తీరు ఎప్పటిలా లేదని తల్లిదండ్రులకు అనిపిస్తోందా?

ఆఖరి అంశాన్ని మళ్ళీ చదవండి. 'మా పిల్ల ఇలా ఉండదు' అని తల్లి చెప్పడం వైద్యశాస్త్రం లెక్కలోకి తీసుకునే లక్షణం. ఆ మాట చెప్పడానికి మొహమాటపడక్కర్లేదు. ఈ ఆరింటిలో ఏదీ లేకపోతే మెదడుకు ముఖ్యమైన దెబ్బ తగిలి ఉండే అవకాశం చాలా చాలా తక్కువ. ఏదైనా ఒకటి ఉంటే డాక్టరుకు చూపించాలి.

కొన్ని లక్షణాలకు ఇంట్లో ఎదురుచూడటం అసలు తగదు. ఫిట్స్ రావడం, మళ్ళీ మళ్ళీ వాంతులు, చెవి నుంచో ముక్కు నుంచో రక్తం లేదా నీటిలాంటి ద్రవం కారడం, ఒక పక్క చెయ్యి, కాలు కదపకపోవడం, రెండు కంటిపాపలు ఒకే సైజులో లేకపోవడం, మాడు ఉబ్బడం, ఆపకుండా ఏడవడం. ఏడాదిలోపు పిల్లల తల మీద 5 సెంటీమీటర్ల కన్నా పెద్ద వాపున్నా అంతే. ఇలాంటప్పుడు వెంటనే బయలుదేరాలి. బండి దొరక్కపోతే 112కు ఫోన్ చేయాలి.

ఎత్తు విషయంలో బెంగాల్ ఇళ్ళకు ఒక ప్రత్యేకత ఉంది. కింద సామాను పెట్టుకోవడానికి మంచం కాళ్ళ కింద ఇటుకలు పేర్చడం ఇక్కడ మామూలు. రెండడుగుల మంచం అలా మూడడుగులకు చేరుతుంది. 'మంచం మీంచి పడింది' అంటే డాక్టరు మామూలు మంచమే అనుకుంటారు. ఇటుకలుంటే ఆ మాట చెప్పాలి.

స్కాన్ వద్దన్నారంటే నిర్లక్ష్యమేనా?

'అంత దూరం తీసుకొస్తే స్కాన్ కూడా తీయలేదు' అనే మాట ఆసుపత్రి వరండాల్లో తరచూ వినిపిస్తుంది. సీటీ స్కాన్ ఎక్స్‌రే కిరణాలతో పనిచేస్తుంది. పిల్లల కణాలకు ఆ కిరణాల ప్రభావం పెద్దవాళ్ళకన్నా ఎక్కువ. 2012లో వెలువడిన ఒక బ్రిటిష్ అధ్యయనం అంచనా ప్రకారం, పదేళ్ళలోపు పిల్లలకు 10,000 తల స్కాన్లు తీస్తే తర్వాతి పదేళ్ళలో ఒక రక్త క్యాన్సర్, ఒక మెదడు కణితి అదనంగా రావచ్చు. చిన్న ముప్పే, కానీ అవసరం లేని స్కాన్‌తో ఎందుకు కొనితెచ్చుకోవాలి? పైగా పసిపిల్ల కదలకుండా ఉండటానికి మత్తు ఇవ్వాల్సి రావచ్చు. అందుకే లక్షణాలు గట్టిగా లేనప్పుడు దెబ్బ తగిలిన సమయం నుంచి నాలుగు నుంచి ఆరు గంటలు గమనిస్తూ ఉండటమే చాలాసార్లు సరైన వైద్యం. స్కాన్ తప్పదని డాక్టరు చెబితే మాత్రం ఈ లెక్కలు చూసి వెనకాడకూడదు. అప్పుడు స్కాన్ తీయకపోవడంలోనే ముప్పు ఎక్కువ.

నిద్రపోనివ్వొచ్చా?

'తల దెబ్బ తగిలింది, నిద్రపోనివ్వకు' అని పెద్దవాళ్ళు హెచ్చరిస్తారు. దెబ్బ తగిలి గట్టిగా ఏడ్చిన పిల్ల అలసి, తన నిద్రవేళకు నిద్రపోతే అందులో తప్పు లేదు. చూడాల్సింది వేరే ఉంది. మధ్యలో కదిపితే చిరాకుపడి, పక్కకు ఒత్తిగిలి మళ్ళీ పడుకుంటే మామూలు నిద్ర. ఎంత కదిపినా కళ్ళు తెరవకపోతే, తెరిచినా చూపు నిలపకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. ఎన్నెన్ని గంటలకు లేపి చూడాలో డాక్టరునే అడిగి తెలుసుకోవాలి.

డాక్టరుకు ఏం చెప్పాలి? ఏ మాటల్లో?

వెళ్ళే ముందు ఒక కాగితం మీద ఆరు సంగతులు రాసుకోండి: ఏ సమయానికి పడింది, ఎంత ఎత్తు నుంచి, దేని మీద, వెంటనే ఏడ్చిందా లేదా, ఎన్నిసార్లు వాంతి అయింది, చివరిగా ఎప్పుడు ఏం తిన్నది లేదా తాగింది. మత్తు ఇవ్వాల్సి వస్తే ఆఖరి సంగతి చాలా అవసరం. పడినప్పుడు చూసిన మనిషే డాక్టరు దగ్గరికి వెళ్తే మేలు. నాన్నమ్మ చూస్తే నాన్నమ్మ, మాట చెప్పడానికి తోడుగా భాష వచ్చిన మరొకరు.

తెలుగు నుంచి బెంగాలీకి మారేటప్పుడు కొన్ని మాటలు మోసం చేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యమైంది 'మూర్ఛ'. తెలుగులో 'మూర్ఛ వచ్చింది' అంటే ఫిట్స్ వచ్చాయని, 'మూర్ఛపోయింది' అంటే స్పృహ తప్పిందని. బెంగాలీ, హిందీ భాషల్లో 'మూర్ఛా' అంటే స్పృహ తప్పడమే. ఫిట్స్ గురించి తెలుగు అవ్వ చెబుతుంటే డాక్టరుకు సొమ్మసిల్లడంగా వినిపించొచ్చు. బెంగాలీలో ఫిట్స్‌ను 'ఖిఁచుని' అంటారు. లేదా నేరుగా 'ఫిట్స్' అంటే చాలు, అందరికీ తెలుస్తుంది.

మరో జంట: 'పొడే గ్యాఛే' అంటే పడిపోయింది, 'పుడే గ్యాఛే' అంటే కాలింది. ఒక్క అచ్చు తేడా. అలాగే 'ఘుమోచ్ఛే' అంటే నిద్రపోతోంది, 'ఝిమోచ్ఛే' అంటే మగతగా తూగుతోంది. మొదటిది వింటే డాక్టరు నిశ్చింతగా ఉంటారు, రెండోది వింటే లేచి వచ్చి చూస్తారు. 'బొమి' అంటే వాంతి. అనుమానం ఉంటే చేత్తో చూపించండి. పిల్ల మగతగా ఉన్నప్పుడో, ఫిట్స్ వచ్చినప్పుడో ఇంట్లో మరో మనిషి ఫోన్‌లో తీసిన పది సెకన్ల వీడియో ఏ భాషలోనైనా అర్థమవుతుంది. అయితే వీడియో కోసం బయలుదేరడం ఆపకూడదు.

ఏ ఆసుపత్రికి?

రైల్వే ఉద్యోగుల కుటుంబాలకు పట్టణంలోనే రైల్వే ఆసుపత్రి ఉంది. మిగతావాళ్ళకు రాష్ట్ర ప్రభుత్వ మహకుమా ఆసుపత్రి, ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌లు. కంసావతి నది దాటితే మేదినీపూర్‌లో 2004లో మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి. అంతకు మించిన వైద్యం కావాలంటే సుమారు 115 కిలోమీటర్ల దూరంలోని కోల్‌కతాకు పోవాల్సిందే.

పిల్ల తెలివిగా ఉంటే ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి. ఈ గంటలో పిల్లల డాక్టరు ఉన్నారా? అవసరమైతే సీటీ స్కాన్ తీస్తారా? పిల్ల స్పృహలో లేకపోతే ఈ విచారణలు వద్దు, దగ్గర్లో ఉన్న అత్యవసర విభాగానికే వెళ్ళాలి. ఊపిరి, గుండె కుదుటపడ్డాక పెద్దాసుపత్రికి వాళ్ళే పంపుతారు.

రైల్వే కుటుంబాలు ఇంకో పని ముందే చేసుకోవాలి. ఉమీద్ కార్డులో కుటుంబంలోని ఒక్కొక్కరికీ ఒక్కో సంఖ్య ఉంటుంది. పాప పుట్టాక పేరు చేర్పించడం వాయిదా వేస్తూ పోతే అర్ధరాత్రి కౌంటర్ దగ్గర ఇబ్బంది. సెలవులకు విశాఖ వెళ్ళినప్పుడు అక్కడి రైల్వే ఆసుపత్రిలోనూ అదే కార్డు పనికొస్తుంది.

తల కాక మిగతా ప్రమాదాలు

చెయ్యి: రోడ్డు దాటుతూ పిల్లను ఒంటి చేత్తో లాగినా, రెండు చేతులు పట్టి ఊయలలా ఊపినా మోచేతి దగ్గర ఎముక పట్టు తప్పుతుంది. పిల్ల ఆ చెయ్యి కదపదు, ఒంటికి ఆనించుకుని ఉంటుంది, వాపు ఉండదు. తెలిసిన డాక్టరు క్షణాల్లో సరిచేస్తారు. నూనె రాసి తోమడం, నాటు కట్టు కట్టించడం వద్దు. వాపు ఉందంటే ఎముక విరిగి ఉండొచ్చు, ఎక్స్‌రే కావాలి.

కాలడం: వేడి టీ, గంజి, పప్పు మీద పడితే వెంటనే కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు, పసుపు, సిరా ఏవీ పెట్టకూడదు. ముఖం, చేతులు, పాదాలు, కీళ్ళు, మర్మావయవాలు కాలినా, గాయం పిల్ల అరచేతి కన్నా పెద్దదైనా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

మింగడం: కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్ తాగితే వాంతి చేయించకూడదు. పైకి వచ్చేటప్పుడు కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. సీసా వెంట తీసుకెళ్ళండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం నంబరు 1800 116 117. రిమోట్లు, బొమ్మల్లోని బిళ్ళ బ్యాటరీ అన్నిటికన్నా ప్రమాదం. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. పిల్ల బాగానే ఉన్నట్టు కనిపించినా ఒక్క నిమిషం ఆగకూడదు.

ఎవరు చూస్తున్నారు అనే ప్రశ్న

పిల్ల పడగానే మన ఇళ్ళలో ముందు వచ్చే మాట: 'నువ్వేం చేస్తున్నావు అప్పుడు?' ఆ మాటకు భయపడి కోడలు ఎత్తు తగ్గించి చెబుతుంది, నాన్నమ్మ సమయం మార్చి చెబుతుంది. మూడున్నర అడుగులు రెండడుగులు అవుతాయి, మధ్యాహ్నం సాయంత్రం అవుతుంది. డాక్టరు ఆ లెక్కలతోనే స్కాన్ కావాలో వద్దో, ఎన్ని గంటలు ఉంచాలో నిర్ణయిస్తారు. లెక్క తప్పితే నిర్ణయమూ తప్పుతుంది. డాక్టరు ఒకే ప్రశ్న రెండుసార్లు అడగడం, కాలిన గాయాలో విషమో అయితే ఆసుపత్రి పోలీసులకు తెలియజేయడం మామూలుగా పాటించే పద్ధతులు. వాటికి బెదిరి కథ మార్చకూడదు.

నింద బదులు ఇంట్లో మార్చగలిగినవి ఉన్నాయి. పిల్లకు మూడేళ్ళు వచ్చేదాకా మంచం కింద ఇటుకలు తీసేయడం, లేదా నేల మీద పరుపు వేయడం. వరండా మెట్లకు అడ్డుపెట్టడం. నీళ్ళు పట్టి ఉంచిన బకెట్లు స్నానాల గదిలో పెట్టి గడియ వేయడం. అడుగున కొద్ది అంగుళాల నీరున్నా తలకిందులైన పసిపిల్లకు ప్రాణాపాయమే. కిరోసిన్, ఫినాయిల్‌ను నీళ్ళ సీసాల్లో పోయకపోవడం. ఇవన్నీ ఒక ఆదివారం పూట అయ్యే పనులు.