ఉద్యానవనాల అడుగున పాత మురుగు పైపులు: తవ్వకం లేని మరమ్మతు

1908 సెప్టెంబరు 28న సంభవించిన మూసీ వరదల అనంతరం, హైదరాబాద్ నగర పునర్నిర్మాణానికై సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య సేవలను నిజాం ప్రభుత్వం వినియోగించుకున్నది. వరద నివారణతో పాటు మురుగునీటి పారుదలపైనా ఆయన సూచనలు చేశారు. 1931లో ఏర్పడిన భూగర్భ మురుగునీటి వ్యవస్థను 54 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణానికి, 4.68 లక్షల జనాభాకు సరిపడునట్లు రూపొందించారు. నగరం నాటి అంచనాలను ఎన్నో రెట్లు మించినది. 1989లో ఏర్పడిన జలమండలి ఈ వ్యవస్థ నిర్వహణను చూస్తున్నది. ఇటువంటి పాత వ్యవస్థలు గల నగరాలలో ఉద్యానవనాల అడుగున సాగే పైపుల మరమ్మతు ప్రత్యేక శ్రద్ధను కోరుతుంది.

పల్లపు నేలలో ప్రధాన పైపులు

మురుగునీరు వాలును అనుసరించి ప్రవహిస్తుంది. అందువల్ల ప్రధాన పైపులను నాలాల వెంట, చెరువు గట్ల దిగువన వేయడం పరిపాటి. ఉద్యానవనాలు సైతం తరచు అటువంటి పల్లపు స్థలాలలోనే వెలసినవి. పైన పచ్చిక, వృక్షాలు ఉండుటచే అడుగున జరిగే నష్టం చాలాకాలం బయటపడదు.

శిథిలతకు కారణాలు

నిలిచిన మురుగు నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు, పైపు లోపలి పైభాగాన సూక్ష్మజీవుల చర్య వలన గంధకామ్లంగా మారి కాంక్రీటును తినివేస్తుంది. స్టోన్‌వేర్ పైపులను ఆమ్లం అంతగా బాధించదు. కాని వాటి అతుకుల గుండా రావి, మర్రి వంటి చెట్ల వేళ్లు చొరబడతాయి. వర్షాకాలంలో పగుళ్ల ద్వారా మట్టి లోపలికి జారి, నేల కింద బోలు ఏర్పడి, చివరకు ఉపరితలం కుంగుతుంది.

మరమ్మతు విధానం

మొదట ఎగువ మ్యాన్‌హోల్ వద్ద ప్రవాహాన్ని అడ్డగించి, పంపులతో దిగువకు మళ్లిస్తారు. జెట్టింగ్ యంత్రంతో పూడికను, కోత పరికరాలతో వేళ్లను తొలగించి, కెమెరాతో పైపు లోపలి స్థితిని నమోదు చేస్తారు. అనంతరం రెసిన్‌లో తడిపిన వస్త్రపు గొట్టాన్ని నీరు లేదా గాలి ఒత్తిడితో లోపలికి పంపి, వేడినీరు, ఆవిరి లేదా అతినీలలోహిత కిరణాలతో గట్టిపరుస్తారు. పాత పైపులోనే కొత్త పైపు సిద్ధమవుతుంది. మూసుకుపోయిన శాఖా పైపుల ద్వారాలను యంత్రంతో తిరిగి తెరచి, కెమెరాతో మరొకసారి పరిశీలిస్తారు. ఈ పద్ధతిని ఎరిక్ వుడ్ 1971లో లండన్‌లో తొలిసారి ప్రయోగించారు.

వృక్షాలను నరకవలసిన అవసరం దాదాపు ఉండదు. అయితే పూర్తిగా కూలిన పైపులో గొట్టం సాగదు. అక్కడ తవ్వకం తప్పదు. కావున కూలకముందే తనిఖీ జరగడం ముఖ్యం.

కార్మికుల ప్రాణరక్షణ

ఆలస్యం జరిగిన చోట మనుషులను మ్యాన్‌హోల్‌లోకి దింపే ప్రమాదం ఏర్పడుతుంది. తగిన రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మురుగు కాలువల ప్రమాదకర శుభ్రతకు కార్మికులను వినియోగించడాన్ని 2013 చట్టం నిషేధించినది. మురుగు కాలువల మరణాలకు చెల్లించవలసిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో రూ.10 లక్షలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో రూ.30 లక్షలకు పెంచినది. ఇరుకు వీధులలోనూ యంత్రాలతో శుభ్రత జరిగేందుకు 2017లో జలమండలి పరిధిలో 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను ప్రవేశపెట్టారు.

ఉద్యానవనంలో నేల కుంగుట, వేసవిలోనూ ఒకేచోట పచ్చిక ఏపుగా పెరుగుట, దుర్వాసన అనునవి తొలి హెచ్చరికలు. వాటిని గుర్తించిన వెంటనే కెమెరా తనిఖీ జరిపినచో వృక్షాలు, ప్రజాధనం, అన్నిటికంటె మిన్నగా కార్మికుల ప్రాణాలు దక్కుతాయి.