పాల లెక్క పక్కన చుక్కలు

వంటగది గోడ మీది కాలెండర్లో అమ్మ పాల లెక్క రాసేది. కొన్ని తేదీల పక్కన ఎర్ర చుక్కలుండేవి. అవి తమ్ముడు పక్క తడిపిన రాత్రులు. నానమ్మ వాడికి నువ్వులూ బెల్లం దంచి ఉండలు పెట్టేది. దుప్పటి వీధిలోకి కనపడకుండా పెరట్లో ఆరేసేది. అమ్మ మాత్రం పల్లెత్తు మాట అనకుండా చుక్క పెట్టేది. ఆ చుక్క విలువ నా కూతురికి ఇదే ఇబ్బంది వచ్చాకే నాకు తెలిసింది.

పక్క తడపడానికి మందులు ఏనాటి నుంచో ఉన్నాయి. మూడున్నర వేల ఏళ్ళనాటి ఈజిప్టు ఎబర్స్ పపైరస్‌లోనూ ఒకటుంది. ఎప్పుడు, ఎంత అని రాసి చూసే లెక్కే ఆలస్యంగా వచ్చింది. ఈలోగా దెబ్బలు తిన్నది పిల్లలు. ఎనిమిదేళ్ళప్పుడు బోర్డింగ్ స్కూల్లో పక్క తడిపినందుకు తనను కొట్టారని రచయిత జార్జ్ ఆర్వెల్ రాసుకున్నాడు. చదివి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1904లో ఫౌండ్లర్ అనే పిల్లల వైద్యుడు, పక్క తడవగానే నర్సులకు తెలిసేలా కరెంటు గంట అమర్చిన సంగతి ప్రకటించాడు. గంట నర్సుల కోసమే. కానీ కొన్నాళ్ళకి పిల్లలు తడపడమే మానేశారు! 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాన్నే చికిత్సగా మలిచి, 30 మంది పిల్లలకు నయమైందని రాశారు.

గంట వేళ చెబుతుంది, కొలత చెప్పదు. ఇప్పుడు డాక్టర్లు వాడే లెక్క తేలిక: వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే, మూత్రాశయం పట్టాల్సిన మిల్లీలీటర్లు. మా పిల్లకి ఏడేళ్ళు, అంటే 240. శని, ఆదివారాలు కొలత గ్లాసుతో చూస్తే ఒక్కసారికి మూత్రం 120 దాటలేదు. కాగితం మీద గడులు గీసి తాగిన నీళ్ళు, విరేచనం కూడా రాయడం మొదలుపెట్టాక అసలు సంగతి బయటపడింది. స్కూల్లో మరుగుదొడ్డి కంపని పగలంతా తను నీళ్ళే ముట్టడం లేదు. సీసా నిండుగా తిరిగొచ్చేది. సాయంత్రం ఆ దాహమంతా ఒక్కసారే తీర్చుకునేది. విరేచనం గడి కూడా వారంలో సగం ఖాళీ. మలబద్ధకంతో నిండిన పేగు మూత్రాశయాన్ని నొక్కుతుందని డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు.

ఈ లెక్కలు ఫోన్ యాప్‌లో రాస్తే అదే కూడికలు వేస్తుంది, వేళకి గుర్తు చేస్తుంది. మంచిదే. కానీ ఫోన్ నా చేతిలో ఉంటుంది, కాగితం తన చేతిలో ఉంటుంది. అందుకే కాగితమే ఎంచుకున్నాను.

మీ ఇంట్లోనూ ఈ బాధ ఉంటే రెండు రోజులు కొలిచి, ఏడు రాత్రులు చుక్కలు పెట్టి, ఆ కాగితంతో డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెన్ను మాత్రం పిల్లల చేతికే ఇవ్వండి.