పాత స్మార్ట్‌ఫోన్‌లో వేరే ఆపరేటింగ్ సిస్టమ్: రైతులు తెలుసుకోవలసిన విషయాలు

చాలామంది రైతుల ఇళ్లలో ఆరేడేళ్ల కిందట కొన్న స్మార్ట్‌ఫోన్లు మూలన పడి ఉంటాయి. తెర, బ్యాటరీ బాగానే ఉన్నా కంపెనీ అప్‌డేట్లు ఆపేయడంతో కొత్త యాప్‌లు ఎక్కవు. ఉదాహరణకు, ఆండ్రాయిడ్ 4.4 ఫోన్లలో 2025 జనవరి నుంచి వాట్సాప్ పనిచేయడం లేదు. ఇలాంటి వాటిలో కొన్నింటిని వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి మళ్లీ వాడుకోవచ్చు.

లీనియేజ్ ఓఎస్ అంటే?

ఫోన్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. లీనియేజ్ ఓఎస్ కూడా ఆండ్రాయిడ్ ఆధారంగా తయారైనదే. సైనోజెన్‌మాడ్ ఆగిపోయాక 2016 డిసెంబరులో మొదలైంది. ఇది ఉచితం, తెలుగులో పెట్టుకోవచ్చు. కంపెనీ అదనంగా ఎక్కించిన యాప్‌లు ఉండవు కాబట్టి ఫోన్‌పై భారం తగ్గుతుంది.

ముందుగా చూసుకోవలసినవి

• సెట్టింగ్స్‌లోని 'అబౌట్ ఫోన్'లో మోడల్ నంబరు చూసి, అది లీనియేజ్ ఓఎస్ వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో సరిచూసుకోవాలి. నేలకు తగని విత్తనం లాగే, మోడల్‌కు తగని ఫైలు వేస్తే ఫోన్ అసలు తెరుచుకోకపోవచ్చు. జాబితాలో లేకపోతే ప్రయత్నం మానుకోవాలి.

• కంపెనీ వేసిన తాళాన్ని బూట్‌లోడర్ లాక్ అంటారు. కొన్ని కంపెనీలు దీన్ని తీయనివ్వవు. షావోమీ వంటివి ఖాతా తెరిపించి, కొన్ని రోజులు ఆగమంటాయి.

• తాళం తీయగానే ఫోన్‌లోనిదంతా చెరిగిపోతుంది. పాస్‌పుస్తకం, ఎరువుల రసీదులు, పంట నష్టం ఫొటోలు, ఫోన్ నంబర్లు ముందే వేరేచోట భద్రపరచుకోవాలి.

చేసే విధానం

1. సిమ్, మెమరీ కార్డు తీసేయాలి. గూగుల్ ఖాతా తొలగించాలి. బ్యాటరీ నిండా ఛార్జ్ చేయాలి.
2. కంప్యూటర్‌కు కలిపి బూట్‌లోడర్ తాళం తీయాలి.
3. మీ మోడల్‌కు చెప్పిన రికవరీ వేసి, దాని ద్వారా లీనియేజ్ ఓఎస్ ఎక్కించాలి.
4. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల ఫైలును ఫోన్ మొదటిసారి తెరవకముందే వేయాలి.

మధ్యలో కేబుల్ తీయకూడదు. కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టకూడదు. కంప్యూటర్ అలవాటున్న వారి చేత, మీ ఎదుటే చేయించుకోవాలి.

ముఖ్య హెచ్చరిక

తాళం తీసిన ఫోన్‌లో కొన్ని బ్యాంకు, యూపీఐ యాప్‌లు తెరుచుకోవు. ముఖం చూపించి చేసే ఈ-కేవైసీ కూడా ఆగిపోవచ్చు. ఫోన్ పోతే అందులోని సమాచారం ఇతరుల చేతికి చిక్కే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఆధార్, బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్‌లో ఈ ప్రయోగం చేయకండి. ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉన్నవారు దీని జోలికి పోవద్దు. ధాన్యం డబ్బు, పీఎం కిసాన్ సొమ్ము ఆ నంబరు మీదే ఆధారపడి ఉంటాయి.

ఏ పనులకు వాడుకోవచ్చు?

వాతావరణ సమాచారం, మార్కెట్ ధరలు, సాగు వీడియోలు, తెగులు సోకిన ఆకుల ఫొటోలు తీసి పంపడం వంటి పనులకు ఇలాంటి ఫోన్ సరిపోతుంది. జిల్లాలవారీ వ్యవసాయ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాల్లో వెలువడతాయి. వాటిని మేఘదూత్ యాప్‌లో చూసుకోవచ్చు.

మీ మోడల్ జాబితాలో లేకపోయినా నష్టం లేదు. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551కు మామూలు కీప్యాడ్ ఫోన్ నుంచి కూడా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చు.